నడుం దాకా గద్దె

నేను తిట్టకుండా మా ఇంట్లో ఒక్క ఇటుక కూడా సరిగ్గా నిలబడలేదు. ఇది గొప్పకు చెప్పుకునే మాట కాదు, నాంపల్లి స్టేషను వెనక మా గల్లీలో ఎవరినడిగినా చెప్తారు. స్నానాల గది కట్టించినప్పుడు కుర్చీ వేసుకుని మేస్త్రి గట్టయ్య ఎదురుగా కూర్చున్నాను. పొద్దున మొదలుపెట్టిన నోరు సాయంత్రం అతను తాపీ కడుక్కునేదాకా ఆగలేదు. గట్టయ్య ఏమీ అనుకోడు. "ప్రభావతమ్మ తిట్టకుంటే నాకు చెయ్యి సాగది" అని నవ్వుతాడు. ఇన్నేళ్ళయినా ఆ గదిలో చిన్న పగులు కూడా రాలేదు. వస్తే నేనూరుకుంటానా?

అలాంటిది, వంటింటి పని దగ్గరికి వచ్చేసరికి మా ఆయన నా నోటికే తాళం వేయాలని చూశారు.

అప్పటికి నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. బుద్ధి తెలిసిన నాటి నుంచీ నేల మీద పొయ్యి ముందు కూర్చునే వండాను. కూర్చోవడానికేం, కూర్చుంటాను. లేవడమే రాదు. గోడ పట్టుకోవాలి, తలుపు పట్టుకోవాలి, నారాయణా అనాలి. అబిడ్స్‌లో మా ఆయన స్నేహితుడి ఇంటికి పేరంటానికి వెళ్ళినప్పుడు చూశాను, ఆవిడ హాయిగా నిలబడి వండుతోంది. బండ పరిచిన గద్దె, దాని మీద కిరసనాయిలు స్టవ్వు, చెయ్యి చాస్తే అందేట్టు డబ్బాలు. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మా ఆయనతో అన్నాను, నాకూ అలాంటి గద్దె కావాలి అని.

"ఔ, కట్టిద్దాం. మన అల్లునితోనే చేపిద్దాం" అన్నారు.

మా అల్లుడు శ్యామ్‌సుందర్. మా ఒక్కగానొక్క బిడ్డ శశికళ మొగుడు. మంచివాడు. ఒక కాంట్రాక్టరు దగ్గర మేస్త్రిగా చేసేవాడు, ఆ మధ్యనే మానేశాడు. ఎంత కట్టినా పేరు కాంట్రాక్టరుకే పోతోంది, ఇక నా పేరు మీద నేనే చేసుకుంటానని బయటికి వచ్చాడు. వచ్చాక పని దొరకలేదు. ఎవరి దగ్గరికి వెళ్ళినా, నువ్వు సొంతంగా కట్టింది ఏదైనా చూపించు అంటారట. చూపించడానికి ఏముంది? ఏమీ లేదు.

"అల్లునితోని వద్దు. గట్టయ్యను పిలువుండ్రి" అన్నాను.

"ఎందుకు వద్దు?"

"నేను మాట్లాడని మనిషితోని పని ఎట్ల చేపిస్త?"

అదీ అసలు చిక్కు. మా ఇళ్ళల్లో అత్త అల్లుడికి ఎదురుపడదు. అతను ముందుగదిలో ఉంటే నేను నడిమి అర్రలో తలుపు చాటున ఉంటాను. అతని పేరు పలకను. అతనితో నేరుగా ఒక్క మాట మాట్లాడను. చెప్పాల్సింది మా ఆయనకు చెప్తే ఆయన అల్లుడికి చెప్తారు, అతను అక్కడే ఉండి అన్నీ వింటున్నా సరే. పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడిగేటప్పుడు చెంబుతో నీళ్ళు పోసింది నేనే గాని, అప్పుడూ కొంగు ముఖం మీదికి లాక్కుని వంగే పోశాను. అలాంటి మనిషిని తిట్టేదెట్లా? తిట్టకుండా పని తీసుకునేదెట్లా? మా ఆయనకు ఇది అర్థం కాదు. ఆయన పెద్ద పోస్టాఫీసులో స్టాంపుల కిటికీ దగ్గర కూర్చుంటారు. రోజంతా అవతలి జనానికి మెత్తగా జవాబు చెప్పీ చెప్పీ ఆయన నోటికి గట్టి మాట పలకడం ఎప్పుడో పోయింది.

నేను గట్టయ్యకు కబురు పంపేలోపే శశికళ వచ్చింది. వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా నా ముందు కూర్చుంది.

"అమ్మా, గద్దె గట్టయ్యతోని కట్టిస్తున్నవట."

"ఎవరు చెప్పిన్రు?"

"నాయిన."

అనుకున్నాను. ఆయన నోట్లో ఏదీ దాగదు.

"నీకు సమజైతలేదమ్మా. మీ ఇంటి పనే మీ అల్లునికి ఇయ్యకపోతే ఇంకెవరు ఇస్తరు? రేపు ఎవరన్న, మీ అత్తగారింట్ల ఎవరు కడ్తున్నరు అంటే ఏం చెప్పాలె? పని దొరకకపోతే మళ్ళ ఆ కాంట్రాక్టరు కాడికే పోత అంటున్నడు. పోయి వాని ముంగట తల వంచుకొని నిలబడాలె. ఆయన అట్ల నిలబడితే నేను చూడలేనమ్మా."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను కసిరి పంపేదాన్ని. ఏడవకుండా, చీర అంచు వేలికి చుట్టుకుంటూ అంది. గద్దె ఎవరు కట్టినా నేను వండుకోవచ్చు, కాని దీని మొగుడు మేస్త్రిగా నిలబడేది మాత్రం ఈ ఒక్క వంటింట్లోనే.

"సరే, రమ్మను" అన్నాను.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు శ్యామ్‌సుందర్. వస్తూనే మా ఆయనతో, "మామయ్యా, పని అయిందాక నేను అల్లున్ని కాదు, మేస్త్రిని. నాకు మర్యాదలు చేయొద్దు" అన్నాడు. తలుపు చాటున విని నేను బాగానే సంతోషించాను. కాని మధ్యాహ్నం అయ్యేసరికి ఏమైంది? అల్లుడు ఇంట్లో ఉండగా ఉత్త పప్పు అన్నం ఎట్లా పెడతాం? భక్ష్యాలు చేశాను. తిన్నాడు. తిన్న మనిషికి నిద్ర రాదా? ఇసుక కుప్ప పక్కనే గోడకు ఆనుకుని కునుకు తీశాడు. గట్టయ్యయితే చెంబెడు నీళ్ళు ముఖాన కొట్టేదాన్ని. అల్లుడు కాబట్టి, చప్పుడు కాకుండా మెల్లగా అడుగు తీసి అడుగు వేసుకుంటూ పెరట్లోకి వెళ్ళాను.

పని మొదలుపెట్టే ముందు వంటింట్లోంచి అడిగాడు, "మామయ్యా, గద్దె ఎంత ఎత్తు కావాల్నో అత్తమ్మను అడుగుండ్రి."

"నడుం దాకా ఉండాలని చెప్పుండ్రి" అన్నాను తలుపు వెనక నుంచి.

"నడుం దాకనట" అన్నారు మా ఆయన.

"సరే మామయ్యా."

ఇక చూడండి నా బాధ. పోపుల డబ్బాల కోసం గోడలో గూడు కడుతుంటే తలుపు సందులోంచి చూశాను. ఒక పక్క కిందికి వాలింది. "గూడు ఎవరికి దండం పెడ్తున్నది, కండ్లు నెత్తికెక్కినయా అని అడుగుండ్రి" అన్నాను. మా ఆయన గొంతు సవరించుకుని, "అల్లుడుగారూ, గూడు బాగున్నదంటున్నది. జర ఎడమ దిక్కు ఒకసారి చూస్తే ఇంకా బాగుంటదంటున్నది" అన్నారు. నా మాట ఆయన నోట్లో పడి మైసూర్ పాక్ అయి బయటికి వచ్చింది. అల్లుడు గూడు సరిచేశాడు, నిజమే. కాని నాకు తృప్తి ఎక్కడిది? మా ఆయన ఆఫీసుకు పోయిన రోజుల్లో అదీ లేదు. నీళ్ళ కడవతో చెప్పుకునేదాన్ని, "సున్నం పలచగైంది చూడు" అని. అల్లుడికి వినపడేది. కాని అత్త మాట విననట్టు ఉండడం అల్లుడి మర్యాద. అతను మర్యాద తెలిసినవాడు కాబట్టి అస్సలు వినలేదు.

సాయంత్రం అతను వెళ్ళాక పోయి చూద్దామంటే, తడి ఆరలేదు, లోపల అడుగు పెట్టొద్దని మామకు చెప్పి గుమ్మానికి గోనెపట్టా కట్టేసి పోయేవాడు. పట్టా పక్కకు జరిపి చూశాను గాని, గడప అవతల నుంచి చూస్తే బాగానే కనిపించింది. పెరట్లో మూడు రాళ్ళ మీద వండుతూ రోజులు గడిపాను.

పని అయిపోయిన రోజు శశికళను తీసుకుని వచ్చాడు. పట్టా విప్పాడు. తను మర్యాదగా వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. నేను కొంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఎంత ముచ్చటగా ఉందో. షాబాదు బండ అద్దంలా తుడిచి పెట్టాడు. అంచులు నున్నగా గుండ్రంగా తీశాడు, చీర పట్టుకోకుండా. గూళ్ళన్నీ తిన్నగా ఉన్నాయి. ఆనందంగా వెళ్ళి గద్దె ముందు నిలబడ్డాను.

గద్దె నా గుండెల దాకా వచ్చింది.

దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె పెడితే గిన్నె అంచు నా ముక్కుకు తగిలింది. లోపల పాలున్నాయో నీళ్ళున్నాయో చూడాలంటే కాలివేళ్ళ మీద లేవాలి. నేను పొట్టిదాన్ని, అందులో దాపరికం ఏమీ లేదు. మా ఆయన పొడుగు. శశికళ ఆయన పోలిక, అది నా పక్కన నిలబడితే నా తల దాని భుజాన్ని దాటదు.

"ఎట్లున్నది?" అన్నారు మా ఆయన గడప దగ్గర నుంచి.

"గద్దె కట్టిండా, అటక కట్టిండా అని అడుగుండ్రి."

మా ఆయన వరండాలోకి వెళ్ళారు. "బాగ కుదిరిందంటున్నది అల్లుడుగారూ" అని వినిపించింది.

శశికళ నన్నూ గద్దెనూ మార్చి మార్చి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో అమ్మా. పోయిన వారం నన్ను ఇంట్ల నిలబెట్టి నడుం దాకా దారం పట్టి కొలిచిండు. మా ఇంట్ల గూడ కడ్తడేమో అనుకున్న" అంది.

అప్పుడు వెలిగింది నాకు. నడుం దాకా అన్నాను, నడుం దాకానే కట్టాడు. ఎవరి నడుము అన్నది ఎవరూ చెప్పలేదు. అతను ఎట్లా అడుగుతాడు? అత్తమ్మ నడుము ఎంత ఎత్తులో ఉంటుంది మామయ్యా అని ఏ అల్లుడైనా అడుగుతాడా? నేను నిలబడగా అతను ఒక్కసారైనా చూశాడా? తల్లీబిడ్డలు ఒక్క ఎత్తే ఉంటారనుకుని పెళ్ళాన్ని కొలుచుకుని వచ్చాడు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏదైనా ఒకటి గట్టిగా చేద్దామంటే వరండాలో అల్లుడు ఉన్నాడు.

"ఆయనకు చెప్పకమ్మా. పొద్దుటి నుంచి ఎంత ఖుషీగున్నడో" అంది శశికళ.

చెప్పలేదు. భోజనాల పీట తెచ్చి గద్దె ముందు వేసుకుని దాని మీద నిలబడి వండడం మొదలుపెట్టాను. ఎక్కడం, దిగడం, ఉప్పు కోసం దిగడం, మళ్ళీ ఎక్కడం. నేల మీద కూర్చున్నప్పుడే నా మోకాళ్ళు సుఖంగా ఉన్నాయనిపించింది. మా ఆయన చూసి చూసి, "పోనీ గట్టయ్యను పిలిచి ఒకనాడు దింపిద్దామా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అల్లుడు కట్టినదాన్ని ఇంకో మేస్త్రి వచ్చి పగలగొడితే, ఆ కబురు గల్లీ దాటకుండా ఉంటుందా? గట్టయ్య పేరు ఈ గడపలో మళ్ళీ ఎత్తొద్దన్నాను.

ఆ వారమే ఖైరతాబాదు నుంచి నా స్నేహితురాలు వసుమతి కబురు పంపింది. వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. మా గద్దె గురించి శశికళ ఎక్కడో చెప్పినట్టుంది. ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు చూసుకుని అటునుంచి మీ ఇంటికి వస్తాం, నచ్చితే మా వంటింటి పని మీ అల్లుడికే ఇస్తాం అని. వసుమతి నాకంటే ఇంకా వేలెడు పొట్టి.

శనివారం పొద్దున శ్యామ్‌సుందర్ వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను వంటింట్లో పీటెక్కి వంకాయలు వేయిస్తున్నాను. అతని గొంతులో సంతోషం గోడ ఇవతలికి కూడా తెలుస్తోంది.

"మామయ్యా, వసుమతమ్మగారింట్ల గూడ గిదే ఎత్తు పెడ్త. అత్తమ్మకు కుదిరిందంటే ఇగ ఏ ఆడామెకైనా కుదుర్తది. ఇగ ఆ కాంట్రాక్టరు మొఖం చూసే పని లేదు."

గరిటె చేతిలోనే ఆగిపోయింది. రేపు వసుమతి వస్తుంది, గద్దె ముందు నిలబడుతుంది, గడ్డం బండకు తగులుతుంది. అది నవ్వే రకం. ఖైరతాబాదు అంతా చెప్పి నవ్వుతుంది. ఆ తరువాత ఈ పిల్లవాడికి పని ఎవరిస్తారు? మళ్ళీ ఆ కాంట్రాక్టరు గుమ్మమే. మా ఆయనను లోపలికి పిలిచాను.

"గద్దె ఎత్తయిందని ఇప్పుడే చెప్పుండ్రి. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

తల ఊపి వెళ్ళారు. నేను చెవి ఒగ్గాను. "అల్లుడుగారూ, అత్తమ్మ ఏమంటున్నదంటే, గద్దె ఎత్తుగ, ఠీవిగ ఉన్నదంటున్నది."

ఇక నా వల్ల కాలేదు. స్టవ్వు ఆర్పి, పీట దిగి, సరాసరి వరండాలోకి నడిచాను. అల్లుడు దిగ్గున లేచి, ఎటు చూడాలో తెలియక తల దించుకున్నాడు. మా ఆయన కుర్చీలోంచి సగం లేచి సగంలోనే ఉండిపోయారు.

"లోపటికి రా" అన్నాను అల్లుడితో.

"నాతోనన్నరా అత్తమ్మా?"

"నీతోనే. ఇంకెవరితోనంట?"

వచ్చాడు. గద్దెకు వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాను.

"తల ఎత్తి చూడు. ఇది నా నడుమా? ఎవరి నడుమయ్యా ఇది? నేనేమన్న తాటిచెట్టునా? ఏం మేస్త్రివయ్యా నువ్వు, వండేది ఎవరో చూసుకోకుండ కడ్తవా? కొలిచేదుంటే వండే మనిషిని కొలువాలె గాని పెండ్లాన్ని కొలుస్తవా? రేపు వసుమతి వస్తది. అది నాకంటె పొట్టిది. నిచ్చెన వేసి వండుకోమంటవా దాన్ని?"

ఒక్క గుక్కలో అనేశాను. అన్నాక చూసుకుంటే నా తల మీద కొంగు లేదు. శ్యామ్‌సుందర్ నన్ను చూశాడు, గద్దెను చూశాడు, కింద ఉన్న పీటను చూశాడు. చాలాసేపు పీటనే చూశాడు.

"అత్తమ్మా, దీని మీద నిలబడి వండుతున్నరా ఇన్నొద్దులు?"

"మరి ఎగురుకుంట వండాల్నా?"

అతను జేబులోంచి దారం తీశాడు. ఒక కొస నేల మీద కాలితో తొక్కిపెట్టి, రెండో కొస నా చేతికిచ్చి, "ఏడిదాకనో మీరే పట్టుకోండ్రి" అని పక్కకు తిరిగాడు. నేను నడుం దగ్గర దారం పట్టుకుని ముడి వేసి ఇచ్చాను. అతను చొక్కా విప్పి తలకు చుట్టుకుని తాపీ కోసం ఇంటికి పరిగెత్తాడు.

ఆ పూట నుంచి నా కుర్చీ వంటింటి మధ్యలోనే. బండ లేపేటప్పుడు మొదలుపెట్టాను, ఇటుకల వరుసలు తీసేటప్పుడు ఆపలేదు. "మెల్లగ, బండ పలిగితే నీ నెత్తి పలుగుతది." "గా మూల ఎవడు చూస్తడు, నీ తాతనా?" అతను "ఔ అత్తమ్మా, సరే అత్తమ్మా" అంటూ చేస్తున్నాడు. ఒకసారి ఎదురు కూడా చెప్పాడు, "అట్ల కాదత్తమ్మా, మీకు తెల్వది, జర ఊకోండ్రి" అని. మధ్యాహ్నం ఉత్త పప్పు అన్నం పెట్టాను. తిని వెంటనే లేచాడు.

వసుమతి ఆదివారం వచ్చేసరికి పని ఇంకా పూర్తి కాలేదు, బండ గోడకు ఆనించే ఉంది. నా గొంతు దానికి గల్లీ మొదట్లోనే వినిపించిందట. గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఏందే, అల్లున్నే తిడ్తున్నవా" అంది. తిడుతున్నానన్నాను. వసుమతి శ్యామ్‌సుందర్ వైపు తిరిగి, "నీ చేతి పని రేపు చూస్త గాని, గీమె నోటికి నిలబడి పని చేస్తున్నవంటే నాకు గది చాలు. మా ఇంటికి ఎన్నడొస్తవు?" అంది.

ఆ సాయంత్రం గద్దె అయిపోయింది. నేను దాని ముందు నిలబడితే చేతులు హాయిగా బండ మీద ఆనాయి. శశికళ కూడా వచ్చింది, మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళబోతూ వరండాలో చెప్పులు వేసుకుంటున్నారు. నేను తలుపు దగ్గర ఉన్నాను.

"మా అమ్మ నోరు గంతే. మీరు మనసుల పెట్టుకోకుండ్రి" అంటోంది శశికళ మెల్లగా.

"ఏం పెట్టుకోవద్దు?" అన్నాడు శ్యామ్‌సుందర్. "నేను గూడు వంకర కట్టినా మీ నాయిన బాగుందనే అన్నడు. అల్లుడు గద, గంతే అంటరు. ఇగ నేను ఎన్నటికీ అల్లుణ్ణే అనుకొని బుగులైంది నాకు. నిన్న మీ అమ్మ ఏమన్నదో తెలుసునా? ఏం మేస్త్రివయ్యా నువ్వు అన్నది. మేస్త్రి అన్నది శశీ నన్ను."

ఏదో ఒకటి అనకపోతే ఏడుస్తాననిపించి తలుపు తీసుకుని బయటికి వచ్చి, "మేస్త్రీ, పెరట్ల ఇటుక ముక్కలు ఎవరెత్తుతరు?" అన్నాను.

"రేపొచ్చి ఎత్తుత అత్తమ్మా" అన్నాడు, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ.